జీవామృతం వల్ల డ్రిప్ పైపులు పగులుతాయా? పైపుల్లో, డ్రమ్ముల్లో వచ్చే ఒత్తిడి పగుళ్ల అసలు సంగతి



ప్రకృతి వ్యవసాయంలోకి కొత్తగా వచ్చిన రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "జీవామృతం, కషాయాలు డ్రిప్‌లో వదులుతుంటే పైపులు పగులుతున్నాయండీ. డ్రమ్ములు కూడా రెండేళ్లు తిరక్కుండానే చీలుతున్నాయి. ఈ ద్రావణాలు ప్లాస్టిక్‌ని తినేస్తున్నాయా?" అని. ఈ మాట చెవిన పడి కొందరు డ్రిప్‌లో జీవామృతం వదలడమే మానేస్తున్నారు. మరికొందరు ఏటా కొత్త పైపు చుట్టలు, కొత్త డ్రమ్ములు కొంటున్నారు. ఖర్చు తగ్గించుకుందామని ఈ దారిలోకి వచ్చి, మిగిలిన డబ్బు మళ్లీ ప్లాస్టిక్ మీద పెట్టడం ఏం న్యాయం చెప్పండి.

అందుకే ముందే సూటిగా చెప్పేసుకుందాం. జీవామృతం పాలిథిన్‌ని తినదు. ఆవు మూత్రం తినదు. పులిసిన ద్రావణంలో ఉండే పులుపు కూడా తినదు. పలుచని ఆమ్లాలను, క్షారాలను పాలిథిన్ బాగా తట్టుకుంటుంది. జీవామృతం వల్ల డ్రిప్‌కి వచ్చే అసలు ఇబ్బంది రంధ్రాలు మూసుకుపోవడం. దానికి మందు బాగా వడకట్టడం, తర్వాత మంచినీళ్లు వదలడం.

మరి పగుళ్లు ఎందుకు వస్తున్నాయి? చాలాచోట్ల కారణం ఒక్కటి కాదు, రెండు. ఒకటి, ప్లాస్టిక్ మీద ఎప్పుడూ ఉండే బిగువు. రెండు, ఆ బిగువు ఉన్నచోట తగిలే సబ్బు లేదా నూనె. ఈ రెండూ ఒకేచోట కలిసినప్పుడు పాలిథిన్ నెమ్మదిగా, చప్పుడు లేకుండా చీలుతుంది. దీన్ని ప్లాస్టిక్ నిపుణులు "ఎన్విరాన్‌మెంటల్ స్ట్రెస్ క్రాకింగ్" అంటారు. మనం ఒత్తిడి పగులు అనుకుందాం. ఇది అర్థమైతే నివారణ చాలా తేలిక, పెద్దగా ఖర్చు కూడా ఉండదు.

పాలిథిన్ లోపల ఏముంటుంది?

పాలిథిన్‌ని 1933లో ఇంగ్లండులో అనుకోకుండా కనిపెట్టారు. మన డ్రిప్ లేటరల్ పైపు, నీలం రంగు డ్రమ్ము, నల్లటి నీళ్ల ట్యాంకు, నీటి కుంటలో పరిచే షీటు, ఇవన్నీ దాని రకాలే. దాని లోపల చాలా పొడవైన పోగులు ఉంటాయి. అవి కంటికి కనపడవు. కొన్నిచోట్ల ఆ పోగులు వరిగడ్డి కట్టల్లాగా వరసగా, దగ్గరగా సర్దుకుని ఉంటాయి. కట్టకీ కట్టకీ మధ్య చిక్కుపడిన పోగులు ఉంటాయి. ఒకే పోగు ఈ కట్టలోంచి బయల్దేరి పక్క కట్టలోకి కూడా వెళ్తుంది. కట్టలను విడిపోకుండా పట్టి ఉంచేవి ఇవే. వీటిని కట్టు పోగులు అనుకోండి. పాలిథిన్‌కి ఉన్న ఓర్పంతా ఈ కట్టు పోగుల్లోనే ఉంది.

ఇప్పుడు ఒక నార తాడుని తలుచుకోండి. తాడు మొత్తం పొడవునా ఒకే నార ఉండదు. చిన్న చిన్న నారలు పురిపెట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బరువు వేలాడదీసినా తెగదు. అదే తాడుకి జారుడు గుణం ఉన్నదేదైనా పట్టించి, బరువు అలాగే వేలాడదీసి ఉంచితే? నార ఏదీ తెగదు, కానీ ఒక్కొక్కటీ జారి బయటకొస్తుంది. చివరికి తాడు విడిపోతుంది.

పాలిథిన్‌లో జరిగేదీ ఇలాంటిదే. సబ్బు నీరు గానీ నూనె గానీ చిక్కు పోగుల మధ్యకి దూరి జారుడు కలిగిస్తుంది. అక్కడ లాగుడు కూడా ఉంటే కట్టు పోగులు ఒక్కొక్కటీ జారిపోతాయి. ముందు కంటికి ఆనని చీలిక, తర్వాత సన్నని గీత, ఆఖరికి ఆరపార పగులు. ఇందులో ప్లాస్టిక్ కరగలేదు, కుళ్లలేదు, రసాయనికంగా మారలేదు. పోగులు పట్టు వదిలాయి, అంతే. అందుకే పగులు పక్కనే ఉన్న పైపు ముక్క కొత్తదానిలా మెత్తగా వంగుతూ ఉంటుంది.

ఒక ముఖ్యమైన సంగతి. బిగువు లేకుండా సబ్బు ఒక్కటే తగిలితే పెద్దగా ఏమీ కాదు. చూడండి, లిక్విడ్ సబ్బు వచ్చేది ఎక్కువగా పాలిథిన్ డబ్బాల్లోనే కదా! ఆ డబ్బాలకి తగిన రకం పాలిథిన్ వాడతారు, పైగా దాని మీద లాగుడు ఉండదు. అలాగే సబ్బు లేకుండా కొద్దిపాటి బిగువు మాత్రమే ఉంటే మంచి పైపు ఏళ్లతరబడి ఓర్చుకుంటుంది. రెండూ కలిస్తేనే చేటు. వీటికి ఎండ వేడి తోడైతే పని ఇంకా తొందరగా అయిపోతుంది.

టెలిఫోన్ తీగలు నేర్పిన పాఠం

ఈ సమస్య వ్యవసాయంలో పుట్టింది కాదు. 1940లలో అమెరికాలో టెలిఫోన్ తీగల మీద సీసం తొడుగుకి బదులు పాలిథిన్ తొడుగు వేయడం మొదలుపెట్టారు. తేలిక, చౌక, తుప్పు పట్టదు. కానీ కొన్నిచోట్ల ఆ తొడుగు పగిలింది. భూమిలో ఉన్న గొట్టాల్లోంచి తీగను లాగేటప్పుడు సులువుగా జారడానికి సబ్బు లాంటివి పూసేవాళ్లు. సబ్బు, లాగుడు, వంపు ఒకేచోట కలిశాయి.

బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో దీన్ని పట్టుకుని ఒక పరీక్ష తయారు చేశారు. ఈనాటికీ అదే పద్ధతి ఏఎస్‌టీఎం డి 1693 అనే పేరుతో వాడుకలో ఉంది. పాలిథిన్ చిన్న ముక్కలు 10 తీసుకుని, ఒక్కోదాని మీద బ్లేడుతో గాటు పెడతారు. గాటు బయటి వైపు ఉండేలా వంచి, సబ్బు గుణం ఉన్న ద్రవంలో ముంచి, సాధారణంగా 50 డిగ్రీల వేడిలో ఉంచుతారు. సగం ముక్కలు పగలడానికి ఎన్ని గంటలు పట్టిందో చూస్తారు. ఎక్కువ గంటలు నిలిస్తే మంచి సరుకు.

ఈ నాలుగూ గుర్తు పెట్టుకోండి: గాటు, వంపు, సబ్బు, వేడి. మే నెలలో మన పొలంలో పడి ఉన్న నల్ల పైపుకి ఈ నాలుగూ మనం తెలియకుండానే సమకూరుస్తున్నాం.

మన పొలంలో ఎక్కడెక్కడ వస్తుంది?

1. డ్రిప్ పైపు చివర. లేటరల్ చివర నీళ్లు కారకుండా పైపుని మడిచి రింగు తొడుగుతాం. మడత బయటి అంచు మీద ఏడాది పొడవునా లాగుడే. దానికితోడు వేప నూనె, సబ్బు కలిపిన మందు డ్రిప్‌లో వదిలితే అది వెళ్లి ఆ మడతలోనే నిలబడుతుంది, ఎందుకంటే నీళ్లకి అక్కడ దారి లేదు. చాలామందికి మొదటి పగులు కనపడేది ఇక్కడే.

2. జాయినర్లు, టేకాఫ్‌లు ఉన్నచోట. పైపులోకి జాయినర్ దూర్చినప్పుడు పైపు సాగి దాన్ని పట్టుకుంటుంది. అంటే అక్కడ పైపు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. దూరడం లేదని కొందరు సబ్బు నీళ్లో, నూనో రాసి నెడతారు. టెలిఫోన్ తీగలకి చేసింది సరిగ్గా ఇదే! జాయినర్ దూర్చినచోట పైపు పగులుతుందా లేదా అని చూడడానికే అంతర్జాతీయంగా ఐఎస్ఓ 8796 అనే ప్రత్యేక పరీక్ష ఉంది. అంటే ఇది ఎంత మామూలు సమస్యో అర్థం చేసుకోండి.

3. డ్రమ్ముకి కుళాయి బిగించినచోట. కాల్చిన ఇనుప కడ్డీతోనో, కత్తితోనో రంధ్రం చేస్తాం. అంచు గరుకుగా ఉంటుంది, ఒకటి రెండు గాట్లు కూడా పడతాయి. దాంట్లో కుళాయిని బలంగా బిగిస్తాం. పగులు ఆ గాటు దగ్గరే మొదలై పైకి, కిందకి పాకుతుంది.

4. మూత గట్టిగా పెట్టిన డ్రమ్ము. బెల్లం వేసిన ఏ ద్రావణమైనా పులుస్తుంది, గ్యాస్ వస్తుంది. మూత బిగిస్తే డ్రమ్ము ఉబ్బుతుంది. ఉబ్బడం అంటే గోడ మొత్తం సాగి ఉండడమే. చేప, బెల్లం ద్రావణంలో చేప నూనె కూడా ఉంటుందని మర్చిపోకండి.

5. స్ప్రేయర్ ట్యాంకు. సాయంత్రం వేప నూనె, సబ్బు కలిపిన మందు కొట్టి, మిగిలింది అందులోనే వదిలేసి పడుకుంటాం. పగులు ట్యాంకు మెడ దగ్గరో, బెల్టు తగిలించే చోటో, కింద మూలల్లోనో కనపడుతుంది. గాలి కొట్టి వాడే చిన్న చేతి స్ప్రేయర్లలో గాలి తీయకుండా పెడితే ఇంకా ముప్పు.

6. నీటి కుంట షీటు. ఇక్కడ సబ్బు తగిలే అవకాశం తక్కువే. కానీ మడతలు, రాళ్ల మీద లాగి పరచడం, అతుకుల దగ్గర వేడి ఎక్కువ కావడం వల్ల బిగువు బాగా ఉంటుంది. గట్టి రకం పాలిథిన్ షీట్లలో ఆ బిగువు ఒక్కటే చాలాకాలం ఉన్నా పగులు రావచ్చు.

కుంకుడు రసం సంగతేంటి? కుంకుడులో నురగ తెప్పించే సపోనిన్లు ఉంటాయి. అదీ సబ్బు గుణమే. మొక్కకి, నేలకి అది బట్టల సబ్బు కంటే మేలే. కానీ పైపు దృష్టితో చూస్తే దీన్నీ సబ్బులాగే జాగ్రత్తగా వాడుకోవాలి. సహజమైనది కాబట్టి ప్లాస్టిక్‌ని ఏమీ చెయ్యదు అనుకోవద్దు.

ఏ పగులు దేనివల్ల? చూసి గుర్తుపట్టండి

అన్ని పగుళ్లూ ఒత్తిడి పగుళ్లు కావు. కారణం తప్పుగా అనుకుంటే మందు కూడా తప్పుతుంది. పైపుని చేతిలోకి తీసుకుని చూడండి.

- ఎండ వల్ల వచ్చిన పగులు: పైపు మీద ఎండ పడే వైపు మాత్రమే వెలిసిపోయి, సన్నని గీతలు జాలులాగా ఉంటాయి. ఎక్కడ వంచినా పుటుక్కుమంటుంది.
- ఒత్తిడి ఎక్కువై చిట్లినది: చిట్లినచోట పైపు ఉబ్బి, అంచులు సాగి పలుచబడి ఉంటాయి. చేప నోరులా తెరుచుకుంటుంది.
- ఉడత, ఎలుక కొరికినది: పంటి గాట్లు ఉంటాయి, చిన్న ముక్క లేచిపోయి ఉంటుంది.
- ఒత్తిడి పగులు: మడత, జాయింటు, కుళాయి, మెడ లాంటి బిగువు చోట్లే వస్తుంది. అంచులు సాగకుండా నున్నగా, కోసినట్టు ఉంటాయి. మిగతా పైపు మెత్తగా బాగానే ఉంటుంది.

మీ పొలంలో పగిలిన ముక్కలు ఒక పది ఏరి, ఈ నాలుగు కుప్పలుగా వేయండి. ఏ కుప్ప పెద్దదో దాన్ని బట్టి మీ పని మొదలుపెట్టండి. సబ్బు గానీ నూనె గానీ ఎప్పుడూ వదలని డ్రిప్‌లో పైపు అంతా వెలిసి విరుగుతుంటే అది ఎండ పని. జీవామృతాన్ని తిట్టి లాభం లేదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పాలిథిన్‌లో పోగులు ఎంత పొడవుగా ఉంటే, కట్టు పోగులు అంత ఎక్కువ. పగుళ్లకి అంత ఓర్పు. చేత్తో నొక్కితే గట్టిగా ఉన్నదే మంచిదని అనుకుంటాం గానీ, ఈ విషయంలో అది నిజం కాదు. మామూలు హెచ్‌డీపీఈ గట్టిగా ఉన్నా ఒత్తిడి పగుళ్లకి తొందరగా లొంగుతుంది. ఎల్ఎల్‌డీపీఈ కాస్త మెత్తగా ఉన్నా చాలాకాలం ఓర్చుకుంటుంది. నీలం డ్రమ్ములకి పొడవు పోగులున్న ప్రత్యేకమైన హెచ్‌డీపీఈ వాడతారు కాబట్టి అవి మామూలు బకెట్ల కంటే నయం. అచ్చులో ఒత్తి చేసే పలుచని బకెట్లకి తేలిగ్గా పారే పొట్టి పోగుల సరుకు వాడతారు. అలాంటి బకెట్లలో నూనె, సబ్బు ద్రావణాలు నిల్వ ఉంచకండి.

- లేటరల్ పైపు మీద ఐఎస్ 12786, ఇన్‌లైన్ పైపు అయితే ఐఎస్ 13488 గుర్తు ఉందో లేదో చూడండి.
- పైపు నల్లగా ఉండేది కార్బన్ బ్లాక్ వల్ల. ఎండ నుంచి కాపాడేది అదే. సుమారు రెండున్నర శాతం ఉండాలి, అది కూడా సమానంగా కలవాలి. కోసి చూస్తే లోపల చారలు, గింజలు కనపడితే తీసుకోవద్దు.
- పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన చౌక పైపుల్లో పోగులు అప్పటికే పొట్టివైపోయి, చెత్త కలిసి ఉంటాయి. పగుళ్లు అక్కడే మొదలవుతాయి.
- పాత డ్రమ్ము కొంటుంటే అంతకుముందు అందులో ఏముండేదో అడగండి. రసాయనాలో, సబ్బు ముడిసరుకో ఉన్న డ్రమ్ము వద్దు. ప్లాస్టిక్ సంగతి అటుంచి, ఆ మిగులు మన నేలలోకే వస్తుంది. తినే పదార్థాలు వచ్చిన డ్రమ్మే తీసుకోండి.
- డ్రమ్ము కింద త్రికోణం గుర్తులో 2 ఉంటే హెచ్‌డీపీఈ, 4 ఉంటే ఎల్‌డీపీఈ రకం, 5 ఉంటే అది పాలిథిన్ కాదు, పాలిప్రొపిలీన్.

వాడేటప్పుడు పాటించాల్సినవి

బిగువు తగ్గించడం, సబ్బు నిలవకుండా చూడడం, వేడి తగ్గించడం. మొత్తం ఈ మూడే.

- జాయినర్ దూరకపోతే పైపు కొసని ఒక నిమిషం వేడి నీళ్లలో ముంచి నెట్టండి. సబ్బు వద్దు, నూనె వద్దు. మంట చూపించడం అసలే వద్దు.
- సైజుకి సరిపోయే జాయినరే వాడండి. రంధ్రానికి డ్రిప్ పంచ్ వాడండి. మేకుతో పొడిస్తే గాట్లు పడతాయి.
- పైపు చివర మడత బదులు ఎండ్ క్యాప్ పెట్టండి. మడతే ఉంచుకుంటే పైపు ఒక అడుగు ఎక్కువ వదిలి, ప్రతి పంటకీ పాత మడత కోసేసి కొత్తచోట మడవండి.
- పైపుని బిర్రుగా లాగి పరచకండి. వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 100 మీటర్ల వరసలో 20 డిగ్రీల తేడాకే అడుగు పైన మారుతుంది. మధ్యాహ్నం ఎండలో బిగించి కట్టిన పైపు రాత్రికి తన జాయింట్లని తనే లాగుకుంటుంది. కాస్త వదులుగా, పాము నడకలా పరవండి.
- వేప నూనె, కానుగ నూనె, సబ్బు, కుంకుడు కలిసినవి ఆకుల మీద కొట్టే మందులు. వాటిని డ్రిప్‌లోకి వదలకపోవడమే మంచిది. తప్పనిసరై వదిలితే చివర్లు తెరిచి 15 నిమిషాలైనా మంచినీళ్లు పారించండి.
- జీవామృతం వదిలాక కూడా మంచినీళ్లతో కడగండి. ఇది రంధ్రాలు మూసుకోకుండా ఉండడానికి.
- డ్రమ్ము మూత బిగించొద్దు. గోనె సంచో, గుడ్డో కట్టండి. గ్యాస్ పోతుంది, ఈగలు రావు.
- కుళాయి రంధ్రం గుండ్రంగా కోసే రంపపు బిట్టుతో చేసి, అంచుని గీకు కాగితంతో నున్నగా చేయండి. రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టి, నీళ్లు ఆగేంతవరకే బిగించండి. టేపు పొరలు పొరలుగా చుట్టి బిగించినా పగులు వస్తుంది.
- డ్రమ్ముని మూడు రాళ్ల మీద నిలబెట్టకండి. 200 లీటర్ల డ్రమ్ము నిండితే రెండు క్వింటాళ్ల బరువు. అడుగంతా ఆనేలా చదునైన దిమ్మ ఉండాలి.
- స్ప్రేయర్ వాడాక అదే రోజు కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తొలిచి, గాలి తీసి, మూత వదులుగా పెట్టి నీడలో ఉంచండి. కడగడానికి కాసేపు సబ్బు వాడితే ఏం కాదు. గంటలు, రోజులు నిలవ ఉంటేనే ముప్పు.
- పంట అయ్యాక పైపుని నేల మీద ఈడ్చకండి. ప్రతి గీతా ఒక గాటే. పెద్ద చుట్టలుగా చుట్టి నీడలో పెట్టండి.

ఇంటి దగ్గరే చేసుకునే పరీక్ష

కొత్త పైపు కొనేముందు ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. ఒకే పొడవున్న నాలుగు ముక్కలు కోయండి. ప్రతిదాని మీద బ్లేడుతో ఒకేలాంటి చిన్న గాటు పెట్టండి. ఆరపార దిగకూడదు. గాటు బయటికి ఉండేలా మడిచి దారంతో కట్టండి. రెండు ముక్కలు మంచినీళ్ల సీసాలో, రెండు సబ్బు నీళ్ల సీసాలో ముంచి, రెండు సీసాలూ ఒకేచోట వెచ్చగా ఉండే చోట పెట్టండి. రోజూ ఒకసారి చూడండి.

సబ్బు నీళ్లలోవి గాటు దగ్గర చీలి, మంచినీళ్లలోవి బాగుంటే ఆ పైపుకి ఒత్తిడి పగుళ్లకి ఓర్పు తక్కువ అని తేలినట్టే. రెండింట్లోనూ చీలితే సరుకే నాసిరకం. రెండు, మూడు వారాలైనా ఏదీ చీలకపోతే ఆ పైపు మీద కొంత భరోసా పెట్టుకోవచ్చు. ప్రయోగశాల పరీక్షంత కచ్చితం కాదు గానీ, రెండు దుకాణాల పైపులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. ముక్కలు ఎలా కోయాలో, ఎలా కట్టాలో కింది వీడియోలో చూడొచ్చు.

పగిలితే ఏం చేయాలి?

పాలిథిన్‌కి మామూలు జిగురు ఏదీ అంటదు. పైన పూసిన ముద్ద నాలుగు రోజులు ఆగి ఊడిపోతుంది. పైపు అయితే పగులుకి రెండు వైపులా నాలుగేసి వేళ్ల మేర కోసేసి, కొత్త జాయినర్ పెట్టుకోవాలి. కంటికి కనపడని చీలిక పక్కన కూడా ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువే కోయాలి. డ్రమ్ము అయితే ద్రావణాలకి పక్కన పెట్టేసి, ఘనజీవామృతమో, విత్తనాలో, ఎండుటాకులో నిల్వ చేసుకోండి.

కోసిన ముక్కలని మాత్రం పొలంలో వదలకండి. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాలిథిన్ నేలలో కుళ్లదు. దుక్కిలో నలిగి చిన్న ముక్కలై, ఇంకా చిన్నవై, ఏళ్లతరబడి అక్కడే ఉంటుంది. మనం వానపాముల కోసం ఆచ్ఛాదన పరుస్తాం, సూక్ష్మజీవుల కోసం జీవామృతం పోస్తాం. అదే నేలలో ప్లాస్టిక్ ముక్కలు పోగేయడం మన పనిని మనమే చెడగొట్టుకోవడం. గట్టు మీద ఒక సంచి కట్టి ఉంచండి. ప్రతి ముక్కా అందులోకే వెళ్లాలి. సంచి నిండాక పాత ప్లాస్టిక్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

మంచి పైపు రెండేళ్లు కాకుండా ఎక్కువ కాలం మన్నితే జేబుకీ లాభం, నేలకీ లాభం. ఈ వారం ఒక్క పని చేయండి: పొలంలోకి వెళ్లి లేటరల్ చివర్లు నాలుగు విప్పి మడత బయటి అంచు చూడండి. సన్నని గీత కనపడితే పగులు మొదలైందన్నమాట. అక్కడే కోసి ఎండ్ క్యాప్ పెట్టేయండి. జీవామృతం మాత్రం ధైర్యంగా వదలండి.